చుక్కల పెట్ట ఎంచిన తుపాకీ

అనగనగా ఒక అడవిలో... కాదర్రా, ఈ కథ అడవిలో జరిగింది కాదు. ఇళ్ళన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ఉండే ఒక పట్నంలో జరిగింది. దగ్గరికి జరిగి కూర్చోండి, చెప్తాను.

ఆ పట్నంలో గాజుల వీధి అని ఒక వీధి. ఆ వీధిలో సన్యాసినాయుడి ఇల్లు. ఇంటి వెనక చిన్న పెరడు. పెరట్లో ఒక జామచెట్టు, ఒక చిక్కుడు పందిరి, ఒక కోళ్ళ గూడు. చుట్టూ గోడ. ఒక వానాకాలంలో గోడ ఒకచోట కూలితే, అక్కడ ఇనప రేకు అడ్డం పెట్టారు. ఆ రేకుకీ గోడకీ మధ్య మూరెడు సందు ఉండేది. ఆ రోజుల్లో మనుషుల మాట జంతువులకి తెలిసేది, జంతువుల మాట మనుషులకి తెలిసేది.

గూట్లో ఒక చుక్కల పెట్ట ఉండేది. నల్లటి ఒంటి మీద తెల్లటి చుక్కలు. నోరు కాస్త పెద్దది, మనసు మంచిదే. రోజూ మధ్యాహ్నం తన పిల్లల్ని వెంటేసుకుని ఆ సందు దగ్గరికి వెళ్ళేది. రేకు అవతల లచ్చి అనే మేక ఉండేది. లచ్చి పక్కింటి అప్పలనరసమ్మ మేక. మొన్నమొన్నటి దాకా వీధి వైపు కట్టేది. ఈ మధ్యనే ఈనిందని, పిల్లకి చల్లగా ఉంటుందని, పెరటి వైపుకి తెచ్చి రేకు పక్కనే కట్టింది.

"వదినా, తిన్నావా?" అని అడిగేది లచ్చి.

"ఏం తినడం వదినా, ఈ పిల్లలు తిననిస్తేగా!" అనేది చుక్కల పెట్ట.

అలా ఇద్దరూ సందులోంచి ముఖాలు చూసుకుంటూ కబుర్లాడుకునేవారు.

ఇంతలో ఆ పెరట్లోకి ఒక పందికొక్కు వచ్చింది.

అది వచ్చినట్టు మొదట ఎవరికీ తెలియలేదు. నేల కింద గరగరమని చప్పుడు. ఎవరైనా ఆగి వింటే ఆగిపోయేది, వాళ్ళు కదిలితే మళ్ళీ మొదలయ్యేది. ఒక రోజు పొద్దున చూస్తే గూట్లో గుడ్లు లేవు. ఉత్త పెంకులున్నాయి. ఇంకో రోజు చూస్తే వంటింటి మూల గచ్చు పగిలి, బియ్యం బస్తా చిరిగి ఉంది. మూడోసారి అది గూటి అడుగు నుంచే మట్టి తవ్వుకుని పైకొచ్చింది. చుక్కల పెట్ట రెక్కల కింద పడుకున్న పిల్లల్లో కొన్నింటిని ఈడ్చుకుపోయింది.

పెట్ట అరిచింది, పొడిచింది, రెక్కలు కొట్టుకుంది. పందికొక్కు బొరియలో నుంచి తల మాత్రం బయట పెట్టి, "అరవకు. ఆకలేస్తే మళ్ళీ వస్తాను," అని లోపలికి పోయింది.

ఆ రోజు నుంచి చుక్కల పెట్టకి కంటి మీద కునుకు లేదు. కాలి కింద నేల అదిరినట్టు అనిపించేది. ఎండుటాకు కదిలినా ఉలిక్కిపడేది. మిగిలిన పిల్లల్ని మళ్ళీ మళ్ళీ లెక్క చూసుకునేది. గింజలు వేస్తే ఒకటి ముక్కున పెట్టి, తినకుండా తల ఎత్తి వినేది.

లచ్చి సందులోంచి మూతి ఇవతలికి పెట్టి ఏడ్చింది. "వదినా, నీ పిల్లలు పోయారంటే నా పిల్ల పోయినట్టే ఉంది," అంది.

ఇంట్లో కూడా అదే దిగులు. సన్యాసినాయుడు ఎండు చేప పెట్టి బోను పెట్టాడు. పందికొక్కు బోను చుట్టూ తిరిగి వాసన చూసి వెళ్ళిపోయింది. మందు పెడదామంటే కోళ్ళు తింటాయని భయం.

ఆయన భార్య పైడితల్లి అంది: "ఏవండీ, బొరియలు తవ్వి ఇటుక ముక్కలూ సిమెంటూ వేసి పూడ్చండి. గూడు నేల మీద నుంచి ఎత్తి, అడుగున ఇనప వల కొట్టించండి."

"అదంతా ఎప్పటికయ్యే పని? ఈలోగా అది మళ్ళీ రాదా?" అన్నాడు సన్యాసినాయుడు. "ఎయిర్‌గన్ కొంటాను. ఒక్క దెబ్బతో పీడ వదిలిపోతుంది."

ఆ మాట చుక్కల పెట్ట చెవిన పడింది. పరుగున వచ్చి గడప మీద నిలబడింది.

"అయ్యా, నేనూ వస్తాను. నా పిల్లల్ని తిన్నదాన్ని చంపేది ఏదో నా కళ్ళతో చూసి నేనే ఎంచుతాను," అంది.

సన్యాసినాయుడు దాని ముఖం చూశాడు. కాదనలేకపోయాడు. సైకిలు ముందు బుట్టలో గోనెపట్టా వేసి, దాన్ని కూర్చోబెట్టుకుని బజారుకి బయల్దేరాడు.

బజారులో జానీబాషా దుకాణం ఉంది. చేపల గాలాలూ, టార్చిలైట్లూ, ఎయిర్‌గన్లూ అమ్ముతాడు.

"రండి నాయుడుగారూ. ఎవరి మీదకి?" అన్నాడు జానీబాషా.

"పందికొక్కు మీదకి," అన్నాడు సన్యాసినాయుడు, పెట్టతో సహా బుట్ట ఊడదీసి లోపలికి తెచ్చి.

జానీబాషా మూడు తుపాకులు తెచ్చి బల్ల మీద పెట్టాడు. దుకాణం వెనక వసారాలో ఇసక బస్తాలకి ఆనించి ఒక రేకు ముక్క నిలబెట్టాడు. మొదటి తుపాకీ తేలికైనది, తిరనాళ్ళలో బుడగలు పేల్చేలాంటిది. గొట్టం మధ్యకి విరిచి, పెసరగింజంత సీసం రవ్వ పెట్టి పేల్చాడు. టిక్కుమంది. రవ్వ రేకుకి తగిలి కింద పడింది.

"దీంతో పందికొక్కుకి వీపు దురద కూడా తీరదు," అంది చుక్కల పెట్ట.

రెండోది పేల్చాడు. రేకు సొట్ట పడింది.

"ఇంకా గట్టిది లేదా?" అంది పెట్ట.

మూడోది పొడుగ్గా, బరువుగా ఉంది. పైన చిన్న దుర్భిణి ఉంది. దాన్ని విరిచి గాలి నింపడానికి జానీబాషా మోకాలు ఊతం తీసుకోవాల్సి వచ్చింది. పేల్చాడు. ఫట్‌మంది. రేకులో గుండ్రంగా బెజ్జం పడింది. రవ్వ రేకు దాటి ఇసక బస్తాలో దిగిపోయింది. బెజ్జంలోంచి ఇసక సన్నగా కారుతోంది.

పెట్ట బుట్టలోంచి మెడ చాచింది. "ఇదే. ఇదే కావాలి," అంది.

జానీబాషా వెంటనే ఇవ్వలేదు. "ఇది రేకుని కూడా దాటి పోతుంది నాయుడుగారూ, చూశారుగా. మీ పెరట్లో పందికొక్కు ఎటు నుంచి వస్తుంది? దాని వెనక ఏముంది?" అని అడిగాడు.

"గోడ ఉంది. అది వచ్చే చోట మాత్రం గోడ కూలితే రేకు పెట్టాం. అవతల పక్కింటివాళ్ళ ఖాళీ జాగా," అన్నాడు సన్యాసినాయుడు.

"ఖాళీయేనా? అక్కడ మనుషులో పశువులో తిరిగేటట్టయితే ఇది వద్దు. చిన్నది తీసుకోండి. అది కూడా వెనక ఇసక బస్తాలు పేర్చుకున్నాకే పేల్చండి."

సన్యాసినాయుడికి అనుమానం వచ్చింది. ఆయన పొద్దున్నే పనికి వెళ్ళి సందె వేళకి వస్తాడు. పక్కింటి నుంచి మేక అరుపు వినపడేది గానీ, అది ఎప్పటిలా వీధి వైపే ఉందని ఆయన అనుకున్నాడు. బుట్ట వైపు తిరిగాడు.

"చుక్కమ్మా, పగలంతా పెరట్లో ఉండేదానివి నువ్వు. రేకు అవతల ఎవరైనా ఉంటారా?"

చుక్కల పెట్టకి లచ్చి గుర్తొచ్చింది. లచ్చి పక్కన ముడుచుకుని పడుకునే పిల్ల గుర్తొచ్చింది. వెంటనే చీకట్లో తన రెక్క కింద నుంచి జారిపోయిన పిల్ల వెచ్చటి ఒళ్ళు గుర్తొచ్చింది. ఉన్నారని చెప్తే, ఆ టిక్కుమనే తుపాకీతో ఇంటికి పోవాలి. పందికొక్కు మళ్ళీ వస్తుంది. మిగిలిన పిల్లలూ పోతారు.

పెట్ట ముక్కు బుట్ట అడుగుకేసి దించుకుంది.

"ఎవరూ ఉండరయ్యా," అంది.

సన్యాసినాయుడు మూడో తుపాకీ కొన్నాడు.

తిరుగుదారిలో పెట్ట బుట్టలో కుదురుగా కూర్చోలేదు. చెరువు గట్టు దాటేటప్పుడు ఒకసారి "అయ్యా" అంది. ఆయన సైకిలు ఆపి "ఏంటమ్మా?" అన్నాడు. "ఏం లేదు. ఎండగా ఉంది," అంది.

ఇంటికి రాగానే సందు దగ్గర లచ్చి కనిపించింది.

"వదినా, ఎక్కడికెళ్ళావు? పొద్దుట నుంచి చూస్తున్నాను. ఏం తెచ్చారు?"

"ఎయిర్‌గన్ తెచ్చాం. పందికొక్కుని కొట్టడానికి."

"మంచి పని చేశారు. ఇక నువ్వు కాస్త నిద్రపోతావు," అంది లచ్చి.

ఆ మాటకి పెట్ట కాలు కాలినట్టు అటూ ఇటూ తిరిగింది. "వదినా, ఈ సాయంత్రం నువ్వు ఆ మూలకి పోయి పడుకోకూడదా?" అంది.

"ఎందుకు?"

"ఏం లేదు. ఇక్కడ దోమలు కదా."

లచ్చి నవ్వింది. మెడ చాచి చూపించింది. "తాడు ఇంతేనమ్మా. ఎక్కడికి పోతాను?"

జామచెట్టు మీద నుంచి ఇదంతా ఒక ఉడుత వింటోంది. పెట్ట ఇవతలికి రాగానే కొమ్మ దిగి వచ్చింది.

"పెద్దమ్మా, ఆ తుపాకీ రేకుని దాటుతుందా?" అని అడిగింది.

"నీకెందుకు?"

"దాటితే అవతల లచ్చి ఉంది కదా. అయ్యకి చెప్పావా?"

"పందికొక్కు ఈసారి కూడా రేకు దగ్గరికే వస్తుందని ఎక్కడుంది?" అంది పెట్ట. "వచ్చినా దెబ్బ దానికే తగులుతుంది. దానికి తగిలితే ఇంక రేకు దాకా ఎందుకు పోతుంది? నీకు పిల్లలు పోలేదు, నీకేం తెలుసు!"

"మరి నేను చెప్పనా అయ్యకి?"

"చెప్తే ఈ చెట్టు ఎక్కనివ్వను," అంది పెట్ట. ఉడుత హడలిపోయి కొమ్మల్లోకి వెళ్ళిపోయింది.

కానీ పెట్టకి నిలకడ లేదు. పిల్లల్ని రెక్కల కింద పెట్టుకుంది. లేచింది. మళ్ళీ కూర్చుంది. వంటింటి గుమ్మం దాకా వెళ్ళింది. గుమ్మంలో సన్యాసినాయుడు తుపాకీకి నూనె రాస్తున్నాడు. 'ఇప్పుడు చెప్తే తిడతాడు. దీన్ని తిరిగి ఇచ్చేస్తాడు. ఈ ఒక్క సాయంత్రం గడిస్తే చాలు,' అనుకుని వెనక్కి తిరిగింది.

పొద్దు వాలింది. పైడితల్లి గిన్నెలు లోపల పెట్టుకుంది. పెరట్లో గాలి ఆగిపోయింది.

గరగర.

నేల కింద చప్పుడు మొదలైంది. గూటి వైపు వచ్చింది. ఆగింది. చిక్కుడు పందిరి కిందకి వెళ్ళింది. ఆగింది. పెట్ట పిల్లల్ని రెక్కల కిందకి చేర్చుకుంది. గూటి వైపు రాకూడదు, గూటి వైపు రాకూడదు అనుకుంది.

గూటి వైపు రాలేదు. సరిగ్గా రేకు మొదట్లో మట్టి లేచింది. పందికొక్కు తల బయట పెట్టి, మీసాలు ఆడించి, మొత్తం ఒళ్ళు బయటికి లాక్కుంది.

గుమ్మంలో సన్యాసినాయుడు తుపాకీ భుజానికి ఆనించాడు. ఒక కన్ను మూశాడు. దుర్భిణిలో ఆయనకి పందికొక్కు ఒక్కటే కనిపిస్తోంది. అంత పెద్దగా, అంత దగ్గరగా.

రేకు అవతల మేకపిల్ల 'మే' అంది.

"అయ్యా!" అని అరిచింది చుక్కల పెట్ట. "అయ్యా, ఆగు! లచ్చి..."

ఫట్‌మంది.

పెట్ట అరుపుకే పందికొక్కు ఎగిరి బొరియలో పడింది. దాని తోక కూడా చెదరలేదు. రేకులో గుండ్రంగా బెజ్జం పడింది. ఆ వెంటనే రేకు అవతల నుంచి ఒక కేక వినిపించింది. మేకలు అలా అరుస్తాయని ఆ పెరట్లో ఎవరికీ అప్పటి దాకా తెలియదు.

అప్పలనరసమ్మ దీపం పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. సన్యాసినాయుడు తుపాకీ కింద పడేసి గోడ దూకాడు. పైడితల్లి వీధి చుట్టూ తిరిగి వచ్చింది. రవ్వ లచ్చి ఎడమ కంటికి తగిలింది. ముఖమంతా రక్తం. పిల్ల తల్లి పొట్ట కిందకి దూరి వణికిపోతోంది.

"నాయుడూ, ఎంత పని చేశావు!" అని అప్పలనరసమ్మ గుండెలు బాదుకుంది. "నా మనవరాలు ఇప్పుడే దీనికి కుడితి పెట్టి లోపలికొచ్చింది. ఇంకాస్త ఆలస్యమైతే ఏమయ్యేది?"

సన్యాసినాయుడు భుజం మీది తువ్వాలు తీసి లచ్చి కంటికి అదిమిపెట్టాడు. "తెలియదక్కా. ఇటు ఎవరూ లేరనుకున్నాను. ఒట్టు, ఎవరూ లేరనుకున్నాను," అన్నాడు.

పశువుల డాక్టరు వచ్చాడు. కడిగాడు, కుట్లు వేశాడు, సూది వేశాడు. ప్రాణానికి భయం లేదన్నాడు. కన్ను మాత్రం రాదన్నాడు.

మర్నాడు పొద్దున సన్యాసినాయుడు అన్నం ముట్టలేదు. పెరటి గుమ్మంలో తల పట్టుకుని కూర్చున్నాడు. వీధిలో అందరూ ఆయన్నే తిడుతున్నారు. "కళ్ళు లేవా నాయుడికి? పెరటి అవతల ఏముందో చూసుకోడా?" అంటున్నారు. ఆయన చుక్కల పెట్ట పేరు ఎత్తలేదు. పాపం, దానికీ తెలియదేమో అనుకున్నాడు.

పెట్ట అది చూసింది. తిట్లు వింది. ఎవరూ తనని ఒక్క మాట అనడం లేదు. ఊరుకుంటే ఎప్పటికీ ఎవరూ అనరు కూడా. అదే దానికి భరించరానిదైంది. వెళ్ళి ఆయన పాదాల దగ్గర నిలబడింది.

"అయ్యా, నాకు తెలుసు," అంది.

"ఏం తెలుసు?"

"లచ్చి అక్కడే ఉందని తెలుసు. దుకాణంలో నువ్వు అడిగినప్పుడు తెలుసు. సైకిలు మీద వస్తున్నప్పుడు తెలుసు. నువ్వు గుమ్మంలో కూర్చున్నప్పుడు కూడా తెలుసు."

సన్యాసినాయుడు తల ఎత్తి దాని వైపు చూశాడు. కోప్పడతాడని పెట్ట రెక్కలు ముడుచుకుంది. ఆయన కోప్పడలేదు.

"నేను ఒకసారి గోడ మీద నుంచి తొంగి చూస్తే పోయేదానికి, నీ మాట మీద వదిలేశాను. తప్పు నాదీ ఉంది," అన్నాడు. "కానీ లచ్చికి నువ్వే చెప్పుకోవాలి. అది నా వల్ల కాదు."

చుక్కల పెట్ట సందులోంచి అవతలికి వెళ్ళింది. లచ్చి కంటికి గుడ్డ కట్టి ఉంది. పెట్ట ఎడమ వైపు నుంచి వచ్చిందేమో, లచ్చికి కనపడలేదు. అలికిడికి బెదిరి తల తిప్పింది.

"నేనే వదినా," అంది పెట్ట. జరిగిందంతా చెప్పింది. దోమలన్న మాట అబద్ధమని కూడా చెప్పింది.

లచ్చి నెమరు వేయడం ఆపింది.

"నాకు చెప్పి ఉంటే," అంది, "నేను తాడు తెంపుకునైనా ఆ మూలకి పోయేదాన్ని. లేదా అరిచి మా అప్పలనరసమ్మని పిలిచేదాన్ని. నీ పిల్లల కోసం ఆ మాత్రం చేసేదాన్ని. నన్ను అడగలేదు నువ్వు."

"అడగలేదు," అంది పెట్ట.

"వెళ్ళు వదినా. ఇప్పుడు నీతో మాట్లాడలేను."

పెట్ట వెళ్ళిపోయింది.

సన్యాసినాయుడు తుపాకీ జానీబాషాకి ఇచ్చేసి వచ్చాడు. తర్వాత పైడితల్లి మొదట్లో చెప్పిన పనే మొదలుపెట్టాడు. ఇటువైపు నుంచి ఆయన, అటువైపు నుంచి అప్పలనరసమ్మ కొడుకు గునపాలు పట్టారు. బొరియలు ఎక్కడి దాకా పోయాయో తవ్వి చూశారు. ఇటుక ముక్కలు దట్టించి సిమెంటు పోశారు. గూడు నాలుగు రాతి కూసాల మీదకి ఎక్కించి, అడుగున ఇనప వల కొట్టారు. రేకు తీసేసి గోడ కట్టారు. కోళ్ళు అటూ ఇటూ తిరగడానికి మాత్రం ఒక చిన్న కన్నం ఉంచమని అప్పలనరసమ్మే చెప్పింది. పందికొక్కు ఇటుకల మీద పళ్ళు అరగదీసుకుని, ఆకలికి తాళలేక ఒక తెల్లవారుజామున కాలవ గట్టు వైపు వెళ్ళిపోయింది. ఆ పని అంతా అవడానికి పట్టింది ఒక్క వారమే.

చుక్కల పెట్టకి నిద్ర పట్టాల్సింది. పట్టలేదు.

లచ్చిని ఖాళీ జాగాలో మేతకి వదిలినప్పుడల్లా పెట్ట కన్నంలోంచి వెళ్ళి దాని ఎడమ పక్కన నడిచేది. ముళ్ళకంచె వస్తే కొక్కొక్కో అనేది. గుంత వస్తే కొక్కొక్కో అనేది. కుక్క వస్తే తనే రెక్కలు విప్పి ఎదురెళ్ళేది. లచ్చి ఆ చప్పుడు విని పక్కకి తప్పుకునేది. కానీ ఒక్క మాట కూడా మాట్లాడేది కాదు. 'వదినా' అనేది కాదు. పెట్ట కూడా క్షమించమని మళ్ళీ అడగలేదు. అడగడానికి ముఖం చెల్లలేదు.

అలా ఎండలు పోయి వానలొచ్చాయి.

ఒక మధ్యాహ్నం మేత దగ్గర ఉండగానే పెద్ద వాన పట్టుకుంది. లచ్చి, దాని పిల్ల పాకలోకి పరిగెత్తాయి. చుక్కల పెట్ట తన పిల్లలతో పాక చూరు కింద తడుస్తూ నిలబడింది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు కదా అని గడప దాటలేదు. పిల్లలు చలికి కిచకిచమంటున్నాయి.

లచ్చి కాసేపు వాన కేసి చూసింది. తర్వాత గడ్డి మీద పడుకున్నది పడుకున్నట్టే కొంచెం కుడి వైపు జరిగింది. దాని ఎడమ పక్కన, కన్ను లేని వైపున, పొడి గడ్డి మీద ఒక పెట్టా దాని పిల్లలూ పట్టేంత చోటు ఏర్పడింది.

చుక్కల పెట్ట పిల్లల్ని తోలుకుని లోపలికి వెళ్ళి, ఆ చోట్లో మెల్లగా కూర్చుంది.

నీతి: కోపంతో, భయంతో ఆయుధం ఎంచుకునేవారికి శత్రువు ఒక్కడే కనిపిస్తాడు, ఆ శత్రువు వెనక నిలబడ్డ మనవాళ్ళు కనిపించరు. తెలిసిన నిజం చెప్పాల్సింది దెబ్బ పడక ముందే.